వంకర పనిముట్టు – తిన్నని పని

లోపములు గల మనుజుడు తన్ను దాను దిద్దుకొనగలడా యను ప్రశ్న మిక్కిలి పురాతనమైనది. కాదనువారి వాదము దృఢముగనే కనబడును. వంకర కొలబద్దతో తిన్నని గీత గీయరాదు. అట్లే దోషము గల మనస్సు తన దోషమును దానెట్లు కనిపెట్టును? దిద్దువాడు ముందు దిద్దబడియుండవలెను. వానిని దిద్దినవాడు అంతకు ముందే దిద్దబడియుండవలెను. తార్కికులు దీనిని అనవస్థ యందురు. ఈ వాదమును నమ్మియే మనలో ననేకులు, ఇంటి యాచారములను సంస్కరించుటకు దామర్హులము కామని చేతులు ముడుచుకొని కూర్చుందురు. ఈ ప్రశ్నకు సమాధానమును మేము గ్రంథములలో గాక కొలిమికడ వెదకదలచితిమి.

లోహమును గుండ్రముగ చెక్కు యంత్రమును తరిమెన యందురు; నేడు లేతు అనుట వాడుక. మంచి లేతును చేయుటకు మంచి లేతు వలయును. అట్లయిన మొదటిది యెట్లు పుట్టినది? ఇది బీజాంకుర న్యాయమే. అమెరికాలోని మిస్సూరి రాష్ట్రమున స్ప్రింగ్‌ఫీల్డు పట్టణవాసియు, 2004 లో మరణించినవాడునగు డేవిడ్ గింజరీ ఈ చిక్కును ఇంటి పెరటిలోనే విప్పు విధమును చూపెను. 1980 దశకమున వెలువడిన ఆయన ఏడు చిన్నపుస్తకములు తుక్కులోహముతో పనిశాలను నిర్మించుకొను రీతిని బోధించును. మొదటిది బొగ్గుకొలిమిని గూర్చినది. రెండవది లేతును గూర్చినది. తక్కిన యంత్రములు వాని వెనుక వచ్చును.

అల్యూమినియము 660 సెంటిగ్రేడు డిగ్రీలకే కరగును గనుక బొగ్గును, గాలి విసరు చిన్న యంత్రమును ఉన్న చాలును. కొయ్యతో మాదిరి చెక్కి, తగుమాత్రపు తేమ గల ఇసుకలో దాని అచ్చు తీసి, అందు లోహమును పోయుదురు. చల్లారునపుడు లోహము కుదించుకొనును. కావున మాదిరిని ముందే కొంచెము పెద్దదిగ చెక్కవలెను. తేమ మితిమీరినను, గరిటె తడిగ నున్నను ఆవిరి పుట్టి కరగిన లోహము ఎగజిమ్మును. అజాగ్రత్తకు ఇచ్చట క్షమ లేదు. ఇట్లు పోసిన ముక్కలు తిన్నగ నుండవు. వానిని ఆకురాతితో రాచి, గీకి, మెల్లగ సరిచేయుదురు. విశేషమేమనగా, సగము కట్టిన లేతే తన మిగిలిన భాగములను చెక్కుకొనుటకు తోడ్పడును; అది పూర్తియైన పిదప తరువాతి యంత్రమునకు సాయపడును.

వంకరనుండి తిన్నదనము ఇట్లు పుట్టుట కొక రహస్యము కలదు. దీనిని 1840 లో ఇంగ్లీషు యాంత్రికుడు జోసెఫ్ విట్‌వర్తు విద్వత్సభయందు విశదీకరించెను. రెండు పలకలకు రంగు పూసి, ఒకదానిపై నొకటి రుద్ది, రంగంటిన మిట్టలను గీకుచు పోయినచో తుద కవి చక్కగ నతుకును. అంతమాత్రమున అవి తిన్ననివని చెప్పరాదు. ఒకటి ఉబ్బియు, రెండవది అంతే గుంటపడియు నుండవచ్చును. ఇపుడు మూడవ పలకను మొదటిదానితో సరిపుచ్చుడు, అదియు గుంటపడును. పిదప రెండవదానిని, మూడవదానిని ఎదురెదురుగ పెట్టినచో రెండు గుంటలు కలియవు; దాగిన దోషము బయటపడును. మూడును, తిప్పి తిప్పి చూచినను, ప్రతిదానితో ప్రతిది అతికిననాడే అవి సమతలములు. వీనిలో నేదియు మొదట నిర్దోషము కాదు. అయినను మూడును గలసి నిర్దోషత్వమును సమీపించును.

చదువరులారా, గృహములయందు జరుగునదేమి? తండ్రియు కొడుకును ఏకాభిప్రాయులైనచో అదియే ధర్మమని యెంచుదురు. గురువు చెప్పినదానికి శిష్యుడు తలయూపినచో అదియే సత్యమందురు. ఒకరి యుబ్బు మరియొకరి గుంటలో నిమిడియుండవచ్చునని తలపరు. పరగృహమునుండి వచ్చిన కోడలు మూడవ పలక వంటిది. ఆమె కచ్చట నతుకని చోటు కనబడిన యెడల, దానిని ఆమె దోషమని గీకివేయుటకు ముందు మనవంకను కూడ చూచుకొనవలదా? ఆమె మాటయే పరమసత్యమని మేమనము. ఆమె పలకయు వంకరయే కావచ్చును. కాని ఆమెను అడుగని యింట వంకర యెన్నటికిని బయటపడదు.

ఇంట పోతపోసిన లేతు కార్మాగారపు లేతుకు సరిరాదని కొంద రందురు. నిజమే. అల్యూమినియము మెత్తనిది, అందుచేతనే గింజరీ లేతుపీఠముపై ఉక్కుపట్టీలను బిగించెను. ఆ యుక్కును, ఆకురాతిని ఆయన పెరటిలో చేయలేదు. ఎందరో అజ్ఞాత శ్రామికులు వానిని చేసిపెట్టిరి. కావున సర్వమును నేనే సాధించితినను గర్వమునకును ఇందు తావు లేదు. యోగ్యత వచ్చినపిదప పని మొదలుపెట్టెదమనుట యెంత పొరపాటో, పరసాయము లేకయే యోగ్యుడనైతిననుట యంత పొరపాటు. యోగ్యత పనిలో పుట్టును. పదిమంది సాయమున పెరుగును. చేతనున్న పనిముట్టు వంకరదైనను పని ప్రారంభింపుడు. మీ వంకను చూపగల మూడవవానిని మాత్రము వాకిటనుండి వెళ్లగొట్టకుడు.