సభాకంపము



పదిమంది యెదుట నోరు విప్పవలసినప్పుడు గుండె దడదడలాడుట, అరచేతులు చెమర్చుట లోకసహజము. దానికి వెరచి పెండ్లిపందిరిలో మూలకొదిగినకొలది భయము పెరుగునే గాని తరుగదు.

12వ శతాబ్దమున అక్కమహాదేవి ఒంటరిగా కల్యాణమునకు వచ్చెను. అనుభవమంటపమున అల్లమప్రభువు అందఱి సమక్షమున ఆమెను కఠినముగా ప్రశ్నించెనని శూన్యసంపాదన తెలుపుచున్నది. ఆమె వెనుదిరుగలేదు, పాండిత్యమును వెదకలేదు. తన అనుభవమునే తన కన్నడమున పలికెను. ప్రశ్నించిన సభయే ఆమెను గౌరవించెను.

కావున బిడియపడువారు నేడు ఒక్కరిని కుశలమడుగుదురు గాక. రేపు మఠమున ఇద్దరితో మాటాడుదురు గాక. గొంతు వణకినను మాట పూర్తిచేయవలయును. పెద్దలును వారిని నలుగురిలో పరిహసింపరాదు. తమ్మెవరు చూచుచున్నారో యను చింత విడిచి, ఎదుటివానిలోని శివుని చూచినచో భయమునకు తావు తగ్గును.