మొలతాడు చెప్పే లెక్క

ఉదయం ఆరు గంటలు. హాల్లో ఓ మూల ఉన్న బరువు మిషన్ మీదికి ఒక ఇల్లాలు మెల్లగా ఎక్కుతుంది. నెల రోజులుగా పొద్దున్నే నడుస్తోంది. రాత్రి అన్నం మానేసి రెండు జొన్నరొట్టెలతో సరిపెట్టుకుంటోంది. నిన్న మాత్రం దగ్గరివాళ్ల పెళ్లి. పులిహోర, ఆవకాయ, అప్పడాలు కాదనలేకపోయింది. తెల్లారేసరికి మిషన్ మీద కిలో ఎక్కువ! నెల రోజుల కష్టం నీళ్లపాలైందని ఆమె ముఖం చిన్నబోతుంది. వింటున్నవారిలో చాలామందికి ఈ బాధ అనుభవమే.

నిజానికి ఆ కిలోలో చాలా భాగం నీళ్లే. ఒంట్లో కిలో కొవ్వు చేరాలంటే అవసరానికి మించి దాదాపు 7,700 కేలరీలు తినాలి. ఒక్క పెళ్లిభోజనంతో అంత చేరదు. ఆవకాయలోని ఉప్పు ఒంట్లో నీటిని పట్టి ఉంచుతుంది. పులిహోరలోని పిండిపదార్థం గ్లైకోజెన్‌గా మారి కాలేయంలో, కండరాల్లో నిల్వ ఉంటుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ తనతోపాటు సుమారు మూడు గ్రాముల నీటిని నిలుపుకుంటుంది. నెలసరికి ముందు కూడా చాలామంది ఆడవాళ్లలో ఇలాగే నీరు చేరుతుంది. పెళ్లిభోజనంతో చేరిన నీరు రెండు మూడు రోజుల్లో దిగిపోతుంది. తిండి తగ్గించిన మొదటి వారంలోనే రెండు కిలోలు తగ్గితే సంబరపడతాం కదా, అందులోనూ ఎక్కువ భాగం నీరే.

బరువు మిషన్ ఇళ్లలోకి రాకముందు ఈ లెక్క మొలతాడు చెప్పేది. బిగుసుకుపోయి నడుం మీద గాటు పడితే మనిషి ఒళ్లు చేసినట్టు, కిందికి జారిపోతుంటే చిక్కినట్టు. ఆడవాళ్లకు ఆది జాకెట్టు ఉండేది. "పక్కకుట్లు ఒక వరస విప్పు నాయనా" అని పెద్దావిడ దర్జీని అడిగిందంటే, కొలత మారినట్టే. కొలత ఎక్కడ మారిందన్నదే వైద్యులకూ ముఖ్యం.

పుణెకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన డాక్టర్ జాన్ యుడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఫొటోనే ప్రచురించి, బరువు ఒక్కటే చూస్తే చాలదని చూపించారు. ఎత్తునూ బరువునూ కలిపి లెక్కగట్టే బీఎంఐ ఇద్దరికీ ఒక్కటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం! ఇద్దరి ఇంటిపేర్లూ ఇంగ్లిష్‌లో వై అక్షరంతో మొదలవుతాయి కాబట్టి దీనికి వై-వై పారడాక్స్ అని పేరు వచ్చింది. చూడ్డానికి సన్నగా ఉన్నా పొట్ట దగ్గర కొవ్వు పేరుకోవడం మన దేశస్థుల్లో ఎక్కువ. షుగరుకూ గుండెజబ్బుకూ దారితీసేది ముఖ్యంగా ఆ కొవ్వే. డాక్టర్ సలీం యూసుఫ్ బృందం 52 దేశాల్లో సుమారు 27 వేల మందిని పరిశీలించింది. గుండెపోటు ముప్పును బీఎంఐ కన్నా నడుముకూ తుంటికీ ఉన్న నిష్పత్తే బాగా పట్టిచ్చిందని 2005లో ప్రకటించింది.

అందుకే మనవాళ్ల నడుము కొలతకు హద్దులు పెట్టారు. మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80. అంటే దాదాపు ముప్పై అయిదున్నర అంగుళాలు, ముప్పై ఒకటిన్నర అంగుళాలు.

కొలిచే పద్ధతి తేలికే. పొద్దున్నే, ఏమీ తినకముందు నిటారుగా నిలబడాలి. పక్కన వేలితో తడిమి చివరి పక్కటెముకనూ, తుంటి ఎముక పై అంచునూ గుర్తుపట్టాలి. ఆ రెంటికీ సరిగ్గా మధ్యన టేపు చుట్టాలి. టేపు చర్మానికి ఆనాలి గానీ నొక్కకూడదు, వెనకవైపు కిందికి జారకూడదు. మామూలుగా ఊపిరి వదిలాక అంకె చూడాలి. పొట్ట లోపలికి పీల్చి కొలిస్తే ఆ కొలత ఎందుకూ పనికిరాదు.

బరువులెత్తే వ్యాయామం మొదలుపెట్టినవారికి టేపు మరీ అవసరం. కొవ్వు కరిగి కండ పెరుగుతుంటే మిషన్ మీద అంకె కదలకపోవచ్చు. కిలో కండ కన్నా కిలో కొవ్వు ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి, బరువు అంతే ఉన్నా నడుము తగ్గుతుంది. ఆ సంగతి తెలియక, ఫలితం లేదనుకుని మధ్యలో మానేస్తే పోయేది ఆరోగ్యమే.

అలాగని బరువు మిషన్‌ను అటకెక్కించనక్కర్లేదు. వారానికోసారి, ఒకే వేళకు చూసుకుంటే చాలు. ప్రయత్నం లేకుండానే బరువు పడిపోతున్నా, గుండెజబ్బు ఉన్నవారికి రెండు మూడు రోజుల్లోనే కిలోలు పెరిగినా వెంటనే డాక్టరుకు చూపించుకోవాలి.

కుట్టుమిషను సొరుగులో ఉన్న టేపును ఈ ఉదయమే బయటికి తీయండి. నడుము కొలిచి, గోడమీది క్యాలెండరులో ఈ తేదీ పక్కన రాసి పెట్టండి. మళ్లీ నెలకు ఇదే తేదీన కొలిచి, రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూసుకోండి.