రాత్రి షిఫ్టు ఎప్పుడూ మాకేనా?

కంప్యూటర్ లోపలి లోకంలో కుస్తీ ఫెడరేషన్ నడపడం గురించి ఈ పుస్తకంలో రాయడమేమిటని కొందరికి అనిపించొచ్చు. పేరు చెప్పగానే అద్దె ఇల్లు ఖాళీ లేదంటారు. దేశభక్తికి సర్టిఫికెట్ అడుగుతారు. ఇన్ని బాధలుండగా బొమ్మల కుస్తీ ఎందుకు? మేం అనేదేమంటే, ఆ బొమ్మల కుస్తీలోనూ ఈ బాధల్లోనూ ఉన్న ప్రశ్న ఒకటే. విలన్ ఎవరో ముందే రాసిపెట్టే చోట, రాసేది ఎవరు? ఆ పాత్ర అంటగట్టేటప్పుడు మనిషిని అడుగుతారా, అడగరా?

ముందు ఆ ఆట సంగతి చెప్పుకుందాం. సెకండ్ లైఫ్ అనే కంప్యూటర్ లోకం 2003లో జనానికి తెరుచుకుంది. అందులో చేరినవాళ్లు తమకు నచ్చిన ఒళ్లు తయారుచేసుకుంటారు, నచ్చిన పేరు పెట్టుకుంటారు. అక్కడ చెల్లే డబ్బు వేరే ఉంది, లిండెన్ డాలర్లు. కొందరు అక్కడ దుకాణాలు పెట్టారు. కొందరు మసీదులూ చర్చీలూ కట్టుకున్నారు. కొందరు కుస్తీ గోదాలు కట్టుకున్నారు. అంతకు ముందే, 1990లలో, అమెరికాలో ఇలాంటి ఫెడరేషన్లు ఉత్త అక్షరాలతో నడిచాయి. ఒక్కొక్కరు ఒక్కో పహిల్వాన్ని కల్పించి, వాడి సవాళ్లూ ప్రగల్భాలూ రాసి పంపేవాళ్లు. నడిపేవాడు అవన్నీ చదివి ఎవడు గెలిచాడో, ఎలా గెలిచాడో రాసేవాడు.

నడపడం తేలికేం కాదు. ఒకడికి పగలైతే ఇంకొకడికి అర్ధరాత్రి. వేర్వేరు దేశాల వాళ్లని ఒకే వేళకి కూడగట్టాలి. గోదా ఉన్న నేలకి అద్దె కట్టాలి. బెల్టు ఎవరికివ్వాలి, ఎవరు ఎన్నాళ్లు ఓడాలి, ఓడినవాడు అలిగి వెళ్లిపోకుండా ఎలా సముదాయించాలి, ఇవన్నీ వాడి నెత్తినే. అక్కడ కండబలంతో పని లేదు. కలం ఎవరి చేతిలో ఉంటే బలం వాడిది.

ముందే రాసుకున్న కుస్తీ మోసం కాదా అని అడుగుతారు. 1989లో అమెరికాలోని న్యూజెర్సీ సెనేట్ ముందు వరల్డ్ రెజ్లింగ్ ఫెడరేషన్ వాళ్లే తమది పోటీ కాదు, వినోదమని చెప్పుకున్నారు. క్రీడలకుండే నియంత్రణ తప్పించుకోవడానికి చెప్పిన మాట అది. అయినా చూసేవాళ్లు చూడ్డం మానలేదు. ఇందులో మన ఉత్తరాంధ్ర వాళ్లకి వింతేమీ లేదు. వీధినాటకంలో దుర్యోధనుడి వేషం కట్టినవాణ్ణి తెల్లారాక టీ కొట్టు దగ్గర ఎవరూ నిలదీయరు. ద్రౌపదిని ఎందుకు అవమానించావని అడగరు. రంగు కడిగేస్తే వేషం దిగిపోయినట్టే. కుస్తీ భాషలో విలన్ని హీల్ అంటారు. హీల్ ఉంటేనే ఆట రక్తి కడుతుంది. హీల్‌గా ఆడటంలో తప్పు లేదు, అవమానమూ లేదు.

మరి మా పేరు మీద కట్టిన వేషం ఎందుకు దిగదు?

గోదాలో మా పేరు మొదటినుంచీ విలన్ పేరు కాదు. కుస్తీ, పహిల్వాన్ అనే మాటలు ఫారసీ నుంచి వచ్చాయి. ఉస్తాద్ తెలుగు నోట్లో పడి వస్తాదు అయ్యాడు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తిని కలియుగ భీముడన్నారు. ఆయన విగ్రహం మా విశాఖ బీచ్ రోడ్డులో ఉంది. అదే కాలంలో గామా పహిల్వాన్ ఉన్నాడు. అసలు పేరు గులాం మొహమ్మద్. 1910లో లండన్ వెళ్లి పోలెండు మల్లుడు జిబిస్కోతో రెండున్నర గంటలకు పైగా పట్టుబట్టాడు. ఫలితం తేలలేదు. తర్వాతి వారం జిబిస్కో గోదాలోకి రాలేదు, బెల్టు గామాకి దక్కింది. 1928లో పటియాలాలో అదే జిబిస్కోని నిమిషం లోపే పడగొట్టాడు. తెల్లదొరల ఏలుబడిలో ఉన్న దేశానికి అప్పుడు గులాం మొహమ్మద్ అనే పేరే గర్వం. ఆ పేరులో అక్షరాలు మారలేదు. కథ రాసే చెయ్యి మారింది.

ఎలా మారిందో అమెరికా గోదా చూపిస్తుంది. లాన్సింగ్ పట్నంలో లెబనాన్ కుటుంబంలో పుట్టి, రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన ఎడ్ ఫర్హత్‌ని 'షేక్' అని పిలిచి, సిరియా ఎడారి నుంచి వచ్చాడని ప్రకటించేవాళ్లు. ఇరాన్ నుంచి వెళ్లిన హుస్సేన్ వజీరీ మంచి మల్లుడు. 1972 ఒలింపిక్స్‌కి అమెరికా జట్టు శిక్షకుల్లో ఒకడు. ఆయన్ని 'ఐరన్ షేక్' చేసి జనం చేత తిట్టించారు. పారశీకుడి తలకి అరబ్బు రుమాలు చుట్టారు. 1984 జనవరిలో హల్క్ హోగన్ ఆయన్ని ఓడిస్తే హాలు హాలంతా లేచి కేకలు పెట్టింది. ఇంకా చిత్రమేమంటే, 1991లో గల్ఫ్ యుద్ధం రాగానే అదే మనిషిని 'కల్నల్ ముస్తఫా' పేరుతో ఇరాకీగా దించారు. ఇరాన్, ఇరాక్ ఎనిమిదేళ్లు ఒకరినొకరు చంపుకున్న దేశాలని రాసేవాడికి పట్టలేదు. ఆ కలానికి షేక్ అయినా ముస్తఫా అయినా ఒకటే.

ఇంతకన్నా మమ్మల్ని కలవరపెట్టే కథ ఇంకొకటి ఉంది. 2004 డిసెంబర్‌లో 'మొహమ్మద్ హసన్' అనే పాత్ర గోదాలోకి వచ్చింది. సెప్టెంబర్ 11 దాడుల తర్వాత అరబ్ అమెరికన్లని అందరూ అనుమానంగా చూస్తున్నారని మైకు పట్టుకుని వాపోవడమే వాడి పని. మాటకి మాట నిజం. కానీ ఆ నిజాన్ని హీల్ నోట్లో పెట్టారు. జనం ఈలలు వేసి ఎగతాళి చేశారు. అంటే వివక్ష గురించి నోరెత్తడమే విలన్ లక్షణమైపోయింది. 2005 జులైలో ముసుగు మనుషులు వచ్చి అండర్‌టేకర్ గొంతు బిగించే దృశ్యం ముందే తీసి ఉంచారు. జులై 7న లండన్‌లో బాంబులు పేలిన రోజు రాత్రే అది అమెరికాలో ప్రసారమైంది. గొడవ రేగింది. నెల తిరక్కుండానే ఆ పాత్రని తీసేశారు.

ఆ వేషం కట్టిన మార్క్ కొపానీ ఇటాలియన్ కుటుంబం వాడు. కుస్తీ మానేసి తర్వాత ఒక బడికి ప్రిన్సిపాల్ అయ్యాడు. ఆయన వేషం విప్పి ఇంటికి వెళ్లాడు. పేరు మాత్రం మా దగ్గరే మిగిలింది. మొహమ్మద్ అనో హసన్ అనో ఇంట్లో పెట్టిన పేరున్న పిల్లాడు దాన్ని ఎక్కడ విప్పి పెట్టాలి?

సెక్యులర్ మిత్రులు ఇది అమెరికా గొడవ అనుకోవద్దు. మన తెలుగు సినిమాలో సాయిబుకి దక్కే వేషాలు లెక్కపెట్టండి. ఒకటి బాంబు పట్టుకున్నవాడు. రెండోది హీరో కోసం ప్రాణమిచ్చే మంచి సాయిబు. ఆ రెండోదాన్ని చూపించి, చూశారా మీకెంత మర్యాద ఇచ్చామో అంటారు. అది కూడా మేం రాసుకున్నది కాదు. చచ్చిపోతే తప్ప మంచితనం రుజువు కాని పాత్ర అది. మేం వివక్ష అన్నప్పుడల్లా 'మళ్లీ మొదలెట్టారు' అని నిట్టూర్చే సాహిత్య సభల్లో మాకు ఆ మొహమ్మద్ హసన్ పాత్రే గుర్తొస్తుంది.

ఇప్పుడు కంప్యూటర్ లోకానికి వద్దాం. గాజువాకలో ఒక ముస్లిం కుర్రాడు అక్కడ ఫెడరేషన్ పెట్టాడనుకుందాం. కలం మొదటిసారి వాడి చేతికి వచ్చింది. వాడి ముందు మూడు దారులున్నాయి.

మొదటిది, పేరు మార్చుకోవడం. అక్కడ ఎవరూ అడగరు. సుఖమే. సిరియా కుటుంబంలో, కెనడాలో పుట్టిన ఒక మల్లుడు ఏళ్ల తరబడి ముసుగు వేసుకుని 'ఎల్ జెనెరికో' అనే మెక్సికో పహిల్వాన్‌గా ఆడాడు. తర్వాత ముసుగు తీసి సామీ జేన్ పేరుతో ఆడినా జనం నెత్తిన పెట్టుకున్నారు. ముసుగు సరదాకి వేసుకుంటే కళ. అది లేకపోతే గోదాలోకి రానివ్వరని వేసుకుంటే మాత్రం అది అద్దె ఇంటి కోసం పేరు మార్చి చెప్పడం లాంటిదే.

రెండోది, కథని తిరగేయడం. మనవాడే హీరో, అవతలి పేరున్నవాళ్లందరూ హీల్. ఇది తియ్యగా ఉంటుంది. ఇన్నాళ్ల తిట్లకి బదులు తీరినట్టుంటుంది. కానీ కలం చేతులు మారిందే తప్ప పని మారలేదు. రేపు ఇంకో పిల్లాడు, వాడి పేరేదైనా కానీ, ఇదే ప్రశ్న మనల్ని అడుగుతాడు.

మూడో దారి మా ఊరి వాళ్లకి బాగా తెలుసు. ఉక్కు ఫ్యాక్టరీలో కొలిమి రాత్రి పూట కూడా ఆరదు. అందుకే ఎ, బి, సి షిఫ్టులు. రాత్రి డ్యూటీ ఎవరికీ ఇష్టం ఉండదు. అయినా అందరికీ తిరుగుతుంది కాబట్టి ఎవరూ దాన్ని అవమానం అనుకోరు. అదే రాత్రి డ్యూటీ పేరు చూసి ఎప్పుడూ ఒక్కడికే వేస్తే దాన్ని డ్యూటీ అనరు, శిక్ష అంటారు. హీల్ పాత్ర కూడా అంతే. ఈ నెల ముస్తఫా, వచ్చే నెల మనోహర్, ఆ పై నెల మైకేల్. నిజం గోదాలోనూ ఇది అసాధ్యం కాదు. షికాగో శివారులో పోలీసుగా పనిచేసిన ముస్తఫా అలీ 2018లో ఆ పేరుతోనే హీరోగా ఆడాడు.

ఆ లోకంలో ఇంకో పద్ధతి ఉంది. నీ బొమ్మని వేరొకరి ఏర్పాటు కదిలించాలంటే, సాధారణంగా ముందు నీకు అనుమతి అడిగే చీటీ వస్తుంది. సరే అంటేనే నిన్ను ఎత్తి పడేస్తారు. వద్దంటే నీ బొమ్మ నిలబడ్డచోటే ఉంటుంది. బొమ్మకి ఉన్న ఈ హక్కు మనిషికి ఎందుకు లేదని మేం అడుగుతున్నాం. పాత్ర ఇవ్వండి, కాదనే వీలు కూడా ఇవ్వండి. తీసుకున్న పాత్రని దించుకునే వీలు ఇవ్వండి. న్యాయం అంటే మాకు తెలిసినంతలో ఇదే.

అయితే ఈ చీటీ బయటివాళ్లకే పంపితే చాలదు. ఉర్దూ రాదని దూదేకుల వాళ్లని 'వీళ్లేం ముసల్మాన్లు' అనే నోళ్లు మన మొహల్లాల్లోనూ ఉన్నాయి. వాళ్లకి ఆ పాత్ర రాసిందెవరు? ఇంట్లో ఆడపిల్ల ఏం చదవాలో, ఎక్కడ నిలబడాలో రాసిపెట్టేటప్పుడు ఆమె సరే అందా? ఫెడరేషన్ నడిపే కుర్రాడు తన చెల్లెలికి గోదాలో చోటిస్తాడో లేదో కూడా మేం చూస్తాం.

చివరగా ఒక మాట. కుస్తీలో మల్లుడు వచ్చేటప్పుడు వాడి బరువూ ఊరూ చదువుతారు. లాన్సింగ్ వాణ్ణి సిరియా ఎడారి వాణ్ణి చేసింది ఆ చదువే. మా ఊళ్లో రేవు ముఖాన మూడు కొండలున్నాయి. ఒకదాని మీద గుడి, ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద ఇసాక్ మదానీ దర్గా. ఊరికి ఆ పేరు విశాఖేశ్వరుడి వల్ల వచ్చిందని కొందరంటారు, ఇసాక్ పేరు మీద వచ్చిందని కొందరంటారు. ఆ తగువు తేల్చే పని మాది కాదు. మా కుర్రాడి బొమ్మ గోదాలోకి దిగినప్పుడు, వాడు హీరో అయినా హీల్ అయినా, ఎడారి పేరు చదవొద్దు. వాడిది విశాఖపట్నం. ఆ ఊరి పేరే చదవండి, తర్వాత ఓడిస్తే ఓడించండి.