రంగు పక్కన కారణం రాయి, బిడ్డా

బిడ్డా,

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నేలల్లో ఏ పంట ఎక్కడ నప్పుతుందో మ్యాపు గీసే పని నీ చేతికొచ్చిందని విని చాలా సంతోషపడ్డాను. ఇది ఎప్పుడో జరగాల్సిన పని. కాకతీయ కాలువ వచ్చింది, మానేరు మీద రిజర్వాయర్లు వచ్చాయి, బోర్లు పడ్డాయి. నీళ్లు ఎక్కడికి అందితే అక్కడిదాకా వరి వేసుకుంటూ పోయాం. నేల సంగతి పట్టించుకున్నది తక్కువ. సాఫ్ట్‌వేర్ గురించి నీకు నేను చెప్పేదేమీ లేదు. ఈ పొలాల గట్ల మీద తిరిగినవాణ్ని కాబట్టి నేల గురించి కొంత చెబుతా, విను.

ముందు స్కేలు సంగతి. సెంటినెల్-2 ఉపగ్రహం తీసే బొమ్మలో ఒక్కో గడి 10 మీటర్లకు 10 మీటర్లు. మన లెక్కలో దాదాపు గుంటంత. ఎకరానికి సుమారు 40 గడులు. అంత వివరంగా పైరు పచ్చదనం కనిపిస్తుంటే ఎవరికైనా గురి కుదురుతుంది. మరి దాని మీద పరిచే మట్టి మ్యాపో? నాగపూర్‌లోని జాతీయ నేలల సర్వే సంస్థ రాష్ట్రాలవారీగా గీసినవి 1:2,50,000 స్కేలువి. అందులో ఒక చదరపు మిల్లీమీటరు చోటులో 15 ఎకరాలు ఇమిడిపోతాయి. మన దిక్కు 15 ఎకరాలంటే ఎన్ని రకాల నేల! గుట్ట పక్కన మొరం, కాస్త దిగితే ఎర్ర చెలక, చెరువు కిందికి పోతే నల్ల రేగడి, నడుమ ఎక్కడో చౌడు. ఈ రెండు మ్యాపులనూ కలిపితే వచ్చేది చూడ్డానికి గుంట గుంటకూ లెక్క తెలిసినట్టే ఉంటుంది. కానీ మట్టి విషయంలో దానికి తెలిసింది ముతక లెక్కే. అందుకే, పొలంలో గుంత తవ్వి చూడనిదే ఏ సర్వే నంబరు మీదా వేలు పెట్టి "నీకు ఇది పండదు" అని రైతుతో అనకు.

రెండోది మార్కుల సంగతి. వాలుకు ఇన్ని, వానకు ఇన్ని, ఉదజని సూచికకు ఇన్ని అని వేసి, కూడి, మొత్తాన్ని బట్టి రంగు అద్దుతారు. ఇక్కడ నాకు భయం. జగిత్యాల మామిడికి పేరున్న చోటు, తోట పెడతానని వచ్చేవాళ్లు నిన్ను తప్పక అడుగుతారు. ఒక చెలకకు వాన బాగుంది, వాలు బాగుంది, అన్నీ కలిపి మంచి మార్కులే వచ్చాయనుకో. రెండడుగుల కింద బండ ఉంటే ఆ మార్కులు ఏం చేసుకోను? మొక్క మొదటి ఏళ్లలో బాగానే లేస్తుంది. వేరు బండకు తగిలాక, కాపు మీదికొచ్చే వయసులో ఎండలకు తట్టుకోలేదు. అప్పటికి రైతు డబ్బులే కాదు, ఏళ్లు కూడా పోగొట్టుకుని ఉంటాడు. లోతు లేని లోటును వాన పూడ్చదు. అన్నిటికన్నా బలహీనమైన గుణం ఏదో చూసి, దాన్ని బట్టే తరగతి కట్టు. మట్టి పరీక్షకు 15 సెంటీమీటర్ల గుంత చాలు, తోటకు మాత్రం మనిషి నడుములోతు తవ్వించి కళ్లారా చూడు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది. 1976లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ భూమిని అంచనా కట్టే పద్ధతి ఒకటి ఇచ్చింది. నీ చదువులో వచ్చే ఉంటుంది. అందులో తరగతి పక్కనే, ఏ లోపం వల్ల ఆ తరగతి వచ్చిందో ఒక అక్షరంతో రాస్తారు. ఇప్పటికి పనికిరానిది వేరు, ఎప్పటికీ పనికిరానిది వేరు అని కూడా విడదీస్తారు. మన మ్యాపుల్లో తరచూ జారిపోయేది ఇదే. కోరుట్ల, మెట్‌పల్లి దిక్కు పసుపునే తీసుకో. ఎనిమిది తొమ్మిది నెలలు నేలలో ఉండే పంట. తడి కావాలి, నీరు నిలవొద్దు. నిలిస్తే దుంపకుళ్లు పడుతుంది. నీరు నిలవడం వల్లే ఒక పొలం 'పనికిరాదు' అనే ఎర్ర రంగులో పడిందా, ఎత్తు మడులు కట్టి మురుగు కాలువ తీస్తే దారికొస్తుంది. చౌడైతే జిప్సం, జీలుగ ఉన్నాయి, రెండు మూడేళ్లు ఓపిక పట్టాలి. అడుగున బండ ఉంటే మందు లేదు, వేరే పంట చూసుకోవాల్సిందే. మూడింటికీ ఒకే ఎరుపు వేసి ఊరుకుంటే రైతుకు మిగిలేది దిగులే. కారణం రాస్తే, ఏం చేయాలో అతనే ఆలోచించుకుంటాడు.

ఇంకో మాట, నేల నప్పకపోయినా చెలకలో వరి వేసినవాణ్ని తెలియనివాడనుకోకు. వడ్లయితే ఐకేపీ సెంటర్లో కొంటారన్న ధీమా ఉంది. మక్క వేస్తే అడవిపందులు, పల్లి వేస్తే కోతులు. సిరిసిల్ల గుట్టల అంచున ఈ బాధ లేని ఊరు వెతికినా దొరకదు. నీ మ్యాపులో దీనికి పొర లేదు. రైతును అడిగి ఆ పొర నువ్వే వేయాలి. పొలాస వ్యవసాయ పరిశోధన స్థానానికి కూడా ఒకసారి వెళ్లు. జగిత్యాల సన్నాలు అనే వరి రకం పుట్టింది అక్కడే, ఈ మట్టిని చేతుల్లో పట్టి చూసినవాళ్లు ఉంటారు.

యాసంగి కోతలయ్యాక, తొలకరికి ముందు పొలాలు ఖాళీగా ఉంటాయి. ఉపగ్రహానికి ఉత్త నేల కనిపించేది, నీకు గుంత తవ్వడానికి వీలయ్యేది ఆ కొద్దిరోజులే. ఎండల కాలం కాబట్టి మంచినీళ్లు వెంట పెట్టుకుని పొద్దున్నే బయల్దేరు. మ్యాపు అచ్చేసేటప్పుడు తెలుగులో వేయించు, సర్వే నంబర్లతో పాటు ఊరివాళ్లు పిలుచుకునే కుంటల పేర్లు, ఒర్రెల పేర్లు కూడా రాయించి రైతువేదిక గోడకు కట్టించు. తప్పు కనిపిస్తే దిద్దడానికి పక్కన ఒక పెన్సిలు వేలాడదీయి.

నీ పెద్దబాపు