నీళ్ళు దానం కాదు

పొట్లంలో ఉన్నంతకాలం టమాటా గింజకు ఏ లోటూ లేదు. ఆకలి లేదు, దప్పిక లేదు, ఎండ భయం లేదు. తేమ తగలకుండా దాచితే ఏళ్ళ తరబడి అలాగే పడుకుంటుంది. దాని దప్పిక మొదలయ్యేది మనం తడిపిన రోజున. ధర్మపురి జిల్లాలో, పాలక్కోడు పక్కన షేడ్‌నెట్ కింద నారు పెంచి అమ్ముకునే ఇల్లు మాది. టమాటా, మిరప, వంగ, కాలీఫ్లవర్, ఏ కాలానికి ఏది అడిగితే అది. ఈ పనిలో ఉండగా నాలో బలపడిన నమ్మకం ఒకటుంది. మొలకకు పోసే నీళ్ళు దయా కాదు, దానమూ కాదు. తడిపినవాళ్ళు తీర్చవలసిన బాకీ.

నేలలో పడ్డ గింజను మనం మరిచిపోయినా నేల మరిచిపోదు. అడుగున చెమ్మ ఉంటుంది. మట్టిలో ఎంతోకొంత సత్తువ ఉంటుంది. రాత్రి మంచు కురుస్తుంది, ఎప్పుడో ఒక జల్లు పడుతుంది. అక్కడ రైతు బాకీలో సగం భూమీ ఆకాశమూ పంచుకుంటాయి. కొకోపీట్‌లో ఆ పంపకం లేదు. కొబ్బరి పీచు తీసేశాక మిగిలే పొట్టు అది. పొళ్ళాచ్చి వైపు నుంచి దిమ్మెలుగా అదిమి పంపిస్తారు. ఐదు కిలోల దిమ్మెను నీళ్ళలో వేస్తే తొట్టి నిండా ఉబ్బుతుంది. చేతిలోకి తీసుకుంటే మెత్తగా, మంచి ఎరువుమట్టిలా కనిపిస్తుంది గానీ అందులో మొలకకు తిండి లేదు. పైగా పొట్టులోనే ఉప్పు ఉంటుంది. దాన్ని కడిగి వదిలించి, కాల్షియం నైట్రేట్ నీళ్ళలో నానబెట్టి, మళ్ళీ పిండి, అప్పుడు ట్రేల్లో నింపాలి. 98 గుంతల ప్రోట్రేలో ఒక్కో గుంతలో పట్టే పొట్టు గుప్పెడు కూడా ఉండదు. ఆ కాస్తలోనే ఒక ప్రాణం మొదటి మూడు నాలుగు వారాలు గడపాలి. పైన వల, కింద ప్లాస్టిక్. ఆకాశం నుంచి చాలినంత రాదు, భూమి నుంచి అసలే రాదు. మేము పోస్తేనే ఉంది.

ట్రేలు ఒకదానిమీద ఒకటి పేర్చి పైన పట్టా కప్పితే ఐదారు రోజుల్లో మొలకలు మెడ వంచుకుని పైకి వస్తాయి. వెంటనే విడదీసి పరచాలి, లేకపోతే వెలుగు కోసం సన్నగా సాగిపోతాయి. మొదట విచ్చుకునే రెండు ఆకులూ గింజ తన వెంట మోసుకొచ్చిన చద్దిమూట. అది అయ్యాక 19:19:19 ఎరువును లీటరుకు ఐదు గ్రాముల లెక్కన కలిపి ఇస్తాం. ఇక నీళ్ళ సంగతి. పొట్టు పైన ఎండి లేత గోధుమరంగు తిరిగినా అడుగున తడి ఉంటుంది, అందుకే కంటిని నమ్మకూడదు. ట్రే మూల పట్టి ఎత్తితే బరువు చెప్పేస్తుంది. ఎక్కువ పోశామా, కాడ మొదట్లో నీరుపట్టిన మచ్చ వేసి, నిన్న నిటారుగా ఉన్న మొలక ఈ పొద్దున వాలిపోయి ఉంటుంది. నారుకుళ్ళు. తక్కువ పోశామా, పొట్టు ఎండేకొద్దీ ఉప్పు వేరు కొనల దగ్గర చిక్కబడుతుంది. మా బోరునీళ్ళే ఉప్పునీళ్ళు, అందుకని అడుగు చిల్లుల్లోంచి కాస్త కారేదాకా పోసి ఆ ఉప్పును తోసేయాలి. సాయంత్రం పొద్దుపోయాక పోయకూడదు, ఆకు తడితో రాత్రి గడిపితే బూజు పడుతుంది.

ఈ వివరం అంతా ఎందుకంటే, దానానికీ బాకీకీ తేడా ఇక్కడే తెలుస్తుంది. దానానికి కొలత ఇచ్చేవాడి మనసు. చేటెడు ఇచ్చినా, పిడికెడు ఇచ్చినా పుచ్చుకున్నవాడు నోరెత్తడు. బాకీకి కొలత ఎదుటివాడి దగ్గర ఉంటుంది. నాకు ప్రేమ పొంగిందని రెండింతలు పోస్తే మొలక చస్తుంది, పని ఎక్కువుందని సగం పోసినా చస్తుంది.

దానమంటే ఏమిటో మా జిల్లాకు ఒకరు చెప్పనక్కర్లేదు. ధర్మపురి అంటే పాత తగడూరు, సంగం కాలపు అదియమాన్ నెడుమాన్ అంజి ఏలిన చోటు. తింటే ఆయుష్షు పెరిగే ఉసిరికాయ అతనికి దొరికితే తాను తినకుండా, దాని గుణం చెప్పకుండా, అవ్వైయార్ చేతిలో పెట్టాడంటారు. అతనితో పాటు ఏడుగురు దాతల్లో చెప్పుకునే పారి, పాకడానికి ఆసరా లేని మల్లెతీగను చూసి తన రథాన్నే దానికి వదిలి వెళ్ళాడు. ఈ కథలు చిన్నప్పుడు బడిలో తమిళంలో చదివి, ఇంట్లో తెలుగులో మళ్ళీ చెప్పుకుని పెరిగాం. వాటిని నేను ఇప్పటికీ ప్రేమిస్తాను. అయితే ఆ తీగను పారి నాటలేదు, తడపలేదు. దానికి అతను ఏమీ బాకీ పడిలేడు. అందుకే అది దానం. ఆ తీగను అతనే నాటి, పందిరి వేయకుండా వదిలేసి, వాడిపోయే వేళకు రథం తెచ్చి ఉంటే కవులు పాడేవాళ్ళా?

పుట్టిన ప్రతివాడూ దేవతలకూ ఋషులకూ పితరులకూ ఋణపడి ఉంటాడని మన శాస్త్రం. నేను కాదనను. మా అవ్వకు శాస్త్రాలు తెలియవు. ఎండలు ముదిరి, బోరు తగ్గి, ఈ వేళకు ట్రేలు వదిలేద్దామా అని మేము తటపటాయిస్తే ఆమె ఒకే మాట అనేది: "పండుకున్నదాన్ని లేపినారు గదా, ఇంక చూడాల్సిందే." పుట్టినవాడి ఋణాలు మూడని లెక్కపెట్టిన పెద్దలు, లేపినవాడి ఋణం మాట అంత గట్టిగా ఎందుకు చెప్పలేదా అని నాకు దిగులు.

ట్రేలో అంచు వరస ఎప్పుడూ ముందుగా ఎండుతుంది. గాలి ముందు దానికే తగులుతుంది, వేడీ దానికే. రోజ్‌క్యాన్ తీసుకుని ట్రే అంతటికీ సమంగా పోసుకుంటూ పోతే నడిమి మొలకలు పచ్చగా, ఎత్తుగా ఎదుగుతాయి, అంచువి గిడసబారతాయి. ఒకే పొట్లంలోని గింజలు, ఒకే రోజు తడిసినవి. మరి ఈ తేడా ఎందుకు? బ్రహ్మసూత్రాల రెండో అధ్యాయంలో ఇదే ప్రశ్న వస్తుంది. లోకంలో ఒకడు సుఖంగా, ఒకడు దుఃఖంగా ఉంటే ఈశ్వరుడికి పక్షపాతం అంటదా, క్రూరత్వం అంటదా? శంకరుల భాష్యం ఇచ్చే జవాబులో వాన వస్తుంది. వాన వరికీ యవలకూ సమంగా కురుస్తుంది, తేడా గింజల్లో ఉంది. అలాగే ఈశ్వరుడు సాధారణ కారణం, తేడా జీవుల కర్మది. మరి మొట్టమొదటి కర్మ ఎక్కడిదని అడిగితే, సంసారానికి మొదలే లేదంటారు.

గొప్ప వాదం. నేను దాన్ని కొట్టేయలేను, మొదలే లేనిచోట మొదట తడిపినవాడూ ఉండడు కాబట్టి. నాకు పేచీ ఉన్నది ఆ వాదాన్ని అరువు తెచ్చుకునే మనుషులతో. వానకు చెల్లిన మాట రోజ్‌క్యాన్‌కు చెల్లదు. మా షెడ్డులో మొదలుంది, తేదీతో సహా పలక మీద రాసి ఉంటుంది. అంచు వరస ఎందుకు గిడసబారిందో నాకు తెలుసు, తెలిసి కూడా "గింజల రాత" అంటే అది వేదాంతం కాదు, ఎగవేత. అంచుకు మరో చుట్టు పోయాలి, రెండు మూడు రోజులకోసారి ట్రేలను తిప్పి పెట్టాలి. మా జిల్లా పల్లెల్లో బోరునీళ్ళలోని ఫ్లోరైడ్ వల్ల పిల్లల పళ్ళు గోధుమరంగు మచ్చలు పట్టి, పెద్దల ఎముకలు బిగుసుకుపోతే తరాల తరబడి అది తలరాత అనే అనుకున్నారు. హొగెనకల్ దగ్గర కావేరి పారుతూనే ఉంది. ఆ నీళ్ళను ధర్మపురి, కృష్ణగిరి ఊళ్ళకు తెచ్చే పథకం ప్రారంభమైంది 2013లో. కొళాయికి దండ వేసి దేవుడి దయ, ప్రభువుల దయ అన్నవాళ్ళ సంతోషాన్ని నేను చిన్నచూపు చూడను. అది దయ కాదని మాత్రం అంటాను.

ఇంకా కష్టమైనది ఒకటుంది. ఒక్కోసారి ఒకే గుంతలో రెండు గింజలు పడి రెండూ మొలుస్తాయి. హైబ్రిడ్ గింజ ఖరీదు కాబట్టి వీలైతే రెండోదాన్ని వేరు తెగకుండా తీసి ఖాళీ గుంతలో నాటుతాం. వీలుకాకపోతే బలహీనమైనదాన్ని గిల్లేస్తాం. రెండూ ఉంటే రెండూ చెడతాయన్నది నిజమే. శాంతిపర్వంలో భరద్వాజుడికి భృగువు చెబుతాడు, చెట్లకూ సుఖదుఃఖాలు తెలుస్తాయని. గిల్లే వేలికి ఆ మాట గుర్తుంటే మంచిది. ఇది అవసరం అనవచ్చు, న్యాయం అనకూడదు. ఆ మొలక విషయంలో నేను బాకీ ఎగ్గొట్టినట్టే లెక్క.

ఈ జిల్లాలో నిలబడి "అవసరం" అన్న మాట తేలిగ్గా అనలేను. ఆడపిల్ల పుడితే పురిట్లోనే లేకుండా చేసిన ఇళ్ళున్న జిల్లా ఇది. అలాంటి పిల్లలను ప్రభుత్వానికి అప్పగించమని 1992లో సేలంలో మొదలుపెట్టిన ఊయల శిశువు పథకాన్ని 2001లో ధర్మపురికీ తెచ్చారు. పసిబిడ్డనూ టమాటా మొలకనూ ఒక తక్కెడలో పెట్టేంత మూఢత్వం నాకు లేదు. కానీ ఆ ఇళ్ళలో వినిపించిన మాటలు నాకు తెలుసు. "ఇద్దరికి చాలదు", "ఉన్నదానికైనా సరిగ్గా పెట్టుకుందాం", "మేము పెంచాలి గనక మేమే తేల్చుకుంటాం". పోషించేవాడికి తీసేసే హక్కు కూడా ఉందన్న నమ్మకమే ఆ మాటల అడుగున ఉంది. పోసే నీళ్ళు దానమైతే ఆ హక్కు పుడుతుంది, దాత తన చేయి వెనక్కి తీసుకోవచ్చు. బాకీ అయితే పుట్టదు.

మా చిన్నాయన బడిపంతులుగా రిటైరయ్యారు, ధర్మపురి కోటగుడిలో కామాక్షమ్మ దర్శనం అయ్యాకే పొద్దున కాఫీ తాగే మనిషి. ఇదంతా చెబితే నొచ్చుకున్నారు. "ఏమ్మా, దేవుణ్ణి కూడా అప్పులపాలు చేస్తావా?" అన్నారు. దేవుడి ఖాతా చూసే అర్హత నాకు లేదు చిన్నాయనా, నా ఖాతా చూసుకుంటున్నాను అన్నాను. ఆయన ఊరుకోలేదు. పాలక్కోడు మండీలో టమాటా ధర పడిపోయినప్పుడు బుక్ చేసుకున్న రైతులు రాక, ట్రేల్లోనే నారు ముదిరిపోతుంది కదా, అప్పుడు ఈ బాకీ ఎవరిదని అడిగారు. రైతుకు ఎటూ నష్టమే, అతని మీద వేయలేను. ముదిరిన నారును అడిగినవాళ్ళకు ఊరికే ఇస్తాం, గట్లమీద లోతుగా నాటుతాం, టమాటా అయితే కాడకు కూడా వేళ్ళు వేసి బతుకుతుంది. అన్నిటికీ చోటు దొరకదు. మిగిలిన ట్రేలకు కూడా, ఎవరూ రారని తెలిసిన తరవాత కూడా, నీళ్ళు పోస్తూనే ఉంటాం. మా ఇంటాయన దీన్ని వృథా ఖర్చు అంటారు, మోటారు బిల్లు చూపిస్తారు. ఆయన లెక్కలో తప్పు లేదు. నేను మాత్రం పోయడం ఆపలేదు.