వాక్కు మాఱవచ్చును, పంక్తి మాఱరాదు



మన చెన్నూరు కడ గోదావరి యుత్తరముఖముగా బ్రవహించుచున్నది. నేలవాలునుబట్టి నది దిక్కు మార్చుకొన్నదే గాని నీరు మాఱలేదు. తెలుగుతోపాటు ఉరుదూ, మరాఠీ, గోండీ పలుకులు వినబడు సీమ యిది. ఇట్టిచోట ధర్మము చెప్పదలచినవాడు ముందుగా దన్ను దానే యడుగుకొనవలసిన ప్రశ్న యొకటి కలదు: వినువారినిబట్టి నేను దేనిని మార్చవచ్చును? దేనిని మార్చరాదు?

క్రీస్తుశకము మొదటి శతాబ్దమున పౌలను బోధకునకు నీ ప్రశ్నయే యెదురయ్యెను. పిసిదియలోని అంతియొకయ పట్టణమున యూదుల మందిరములో నతడు వారి పితరుల కథ నెత్తుకొని, ఐగుప్తునుండి విడుదలను, దావీదు రాజ్యమును స్మరింపజేసి, యేసుకడకు వచ్చెను. లుస్త్రలోని జనులు వేఱు. కుంటివాడొకడు నడచుట చూచి వారు తమ దేశభాషలో కేకలువైచి, బర్నబాను ద్యుపతి యనియు, పౌలును హెర్మే యనియు దలచి, యెడ్లను పూదండలను దెచ్చిరి. పౌలు వస్త్రములు చించుకొని వారించెను. అచ్చట మోషే పేరైన నెత్తక, వానలు గురియించి పంటల నిచ్చు దేవునిగూర్చియే పలికెను. ఏథెన్సులో ఎపికూరీయులు, స్తోయికులు నను తత్త్వవేత్తల యెదుట, వారి పురమందలి అజ్ఞాతదేవుని బలిపీఠమును, వారి కవుల మాటను ఆధారముగా గొనెను. అయినను మృతుల పునరుత్థానమును దాచలేదు, కొందఱు నవ్విరి. ఆ సిద్ధాంతమును మన మంగీకరించినను మానినను, నవ్వునకు వెఱచి నమ్మికను మఱుగుపఱుపని యా ధైర్యము వందనీయము.

వాక్కు మాఱినది. మాఱరానిదేదో సిరియాదేశపు అంతియొకయలో దెలిసినది. అచ్చట పేతురు అన్యజనులతో గలిసి భుజించుచుండి, స్వజాతీయులు కొందఱు రాగానే వెనుకకు దీసెను. పౌలు అందఱి యెదుట నతనిని నిలదీసెను. పేతురు బోధలో దోషము లేదు. దోషమంతయు బంక్తిలోనే యున్నది.

మన తెలుగునేలయందును నీ పరీక్ష జరిగినది. 1841లో నోబులు, ఫాక్సు అను మిత్రు లిరువురు బందరునకు వచ్చిరి. ఫాక్సు పల్లెలకు, తీర్థములకు బోయి తెలుగున బోధించెను. నోబులు 1843లో పాఠశాల దెఱచి, పై వర్ణములవారి బిడ్డలకు జదువు చెప్పెను. పెద్దలు మాఱిన లోకము మాఱునని యాతని యాశ. మరణపర్యంత మచ్చటనే శ్రమించినవాని త్యాగమును శంకింపరాదు. కాని యా బడి తలుపు క్రింది జాతులవారికి మూసియుండెను.

ఒంగోలులో క్లౌ దొరకు నీ చిక్కే మఱింత తీవ్రముగా దటస్థించెను. 1866లో మాదిగకులమున బుట్టిన యెఱ్ఱగుంట్ల పేరయ్య బాప్తిస్మము పొందెను. కొలదికాలమునకే బ్రాహ్మణులు, మాదిగలను జేర్చుకొన్నచో మేము దొలగిపోదుమనిరి. విద్యావంతుల స్నేహ మొకవైపు, నిరక్షరాస్యుల నమ్మిక యొకవైపు. క్లౌ రెండవదానిని వరించెను. గౌరవము గల శ్రోతలు పోయిరి. తలుపు మాత్రము మూతపడలేదు. 1878 జూలై 3వ తేదీ నొక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంఖ్య వెనుక ఘోరమైన క్షామ మున్నదనుట సత్యమే. కాని క్షామమునకు ముందే తలుపు తెఱచియుండెననుటయు సత్యమే.

మన గోదావరియే దిగువను దుమ్ముగూడెమును జేరును. అచ్చట హేగ్ అను ఇంజినీరు ప్రేరణచే వెంకటరామరాజుగారు సర్కారుకొలువు విడిచి కోయలనడుమ బోధకు బూనుకొనిరి. వినువాడు తనయొద్దకు రాలేనప్పుడు చెప్పువాడే కదలవలెనని యాయన యెఱిగిరి.

సోదరులారా, యిక మన సంగతి విచారింతము. ఉపనిషత్తుల నుదాహరించి పండితుని మెప్పింపగలము. యుక్తి చూపి పట్టభద్రుని నొప్పింపగలము. గోండు సోదరునితో నతని పలుకే పలుకుదుము గాక! కాని యతడు మన గుమ్మమునకు వచ్చిననాడు చాప యెచ్చట వేయుదుము? దాహమడిగిన నే పాత్రతో నిత్తుము? మన యుపన్యాసమంతటికంటె నతనికి స్పష్టముగా వినబడునది యా చాప, యా పాత్ర.

పరమేశ్వరుడు మన నాలుకకు మార్దవమును, మన పంక్తికి స్థిరత్వమును బ్రసాదించుగాక.