ఓర్చుకోమని ఎవరికి చెప్పాలి?

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ మీదుగా అహోబిలం వెళ్లే భక్తుల్లో ప్రహ్లాదుడి కథ తెలియనివారు ఉండరు. ఆ కథ నుంచి పిల్లలకు మనం నేర్పేది ఎక్కువగా ఓర్పే. తోటివాళ్లు రోజూ ఏడిపిస్తున్నారని, కొడుతున్నారని పిల్లవాడు చెప్పుకుంటే ‘పట్టించుకోకు, దేవుడే చూసుకుంటాడు’ అంటాం. కథ మాత్రం అలా లేదు. ఏనుగులతో తొక్కించినా, విషం పెట్టినా ప్రహ్లాదుడు చెయ్యెత్తలేదు, నిజమే. కానీ ఆ హింసను ఆపే భారం అతని మీద పడలేదు. నరసింహుడు స్తంభం చీల్చుకుని వచ్చాడు. తండ్రికి సద్గతి కావాలని ప్రహ్లాదుడు వరం అడిగింది ఆ తర్వాతే. దిగువ అహోబిలంలో కొలువైన స్వామి పేరు ప్రహ్లాదవరదుడు. క్షమించాలో వద్దో బాధపడ్డవాడు తేల్చుకుంటాడు. అంతకుముందే హింస ఆగాలి, దాన్ని ఆపాల్సింది బలమున్నవాడు.

తిరగబడగలిగీ, తప్పుకుపోగలిగీ ఆగినవాడిది ఓర్పు. హాస్టల్లో వేధింపులు పడుతున్న ఆరో తరగతి పిల్లవాడికి రాత్రి తలుపులు మూశాక ఆ రెండు దారులూ ఉండవు. అతని మౌనానికి ఓర్పని పేరు పెట్టడం అన్యాయం. కాస్త రాటుదేలతారులే అనేవాళ్లున్నారు. కానీ 1958లో బ్రిటన్‌లో పుట్టినవారిని దశాబ్దాలపాటు గమనిస్తే, 7, 11 ఏళ్ల వయసులో తరచుగా వేధింపులు పడ్డవారిలో 50 ఏళ్లకు కూడా కుంగుబాటు, ఆందోళన ఇతరులకన్నా ఎక్కువగా కనిపించాయి. ప్రపంచంలో దాదాపు ముగ్గురు విద్యార్థుల్లో ఒకరు ఒక్క నెలలోనే వేధింపులకు గురవుతున్నారని 2019లో యునెస్కో చెప్పింది. ఇంతమందిని పట్టి, ఇంతకాలం వదలని బాధ ఒక ఇంటి సమస్య కాదు. ఊళ్లో కలరా వస్తే నీళ్లు కాచుకోమని చెప్పి ఊరుకోం, ట్యాంకు శుభ్రం చేయిస్తాం. నార్వేలో ఓల్వేయస్ అనే పరిశోధకుడు 1983లో మొదలుపెట్టిన పని అలాంటిదే. బాధితుణ్ణి మార్చబోకుండా బడినే మార్చాడు: విరామంలో పెద్దల నిఘా, తరగతిలో స్పష్టమైన నియమాలు, తల్లిదండ్రులతో మాటలు. వేధింపులు బాగా తగ్గాయి.

ఇదంతా ఆ పిల్లవాడి ప్రారబ్ధం అన్నా వాదం నిలవదు. కర్మ సిద్ధాంతం బాధపడేవాడికి ఊరటనిస్తే ఇవ్వవచ్చు, చూస్తూ ఊరుకున్నవాడికి మాత్రం మినహాయింపు ఇవ్వదు. ఊరుకోవడమూ అతని కర్మ ఖాతాలోనే పడుతుంది. వేధింపులను చట్టం దాకా తీసుకెళ్తే, పిల్లల మీద కేసులేమిటన్న అభ్యంతరం వస్తుంది. అది ఇంకొంచెం బరువైనది. పిల్లల్ని జైలుకు పంపాలని నేనూ అనను. బాలల న్యాయ చట్టం ప్రకారం వాళ్లు వెళ్లేది జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకు. అక్కడ మందలింపు, కౌన్సెలింగ్, సమాజ సేవ వంటి దారులున్నాయి. విశాఖపట్నంలో చదువుతున్న ఒక విద్యార్థిని మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా పిల్లలకన్నా సంస్థలనే నిలదీశాయి. 100 మంది లేదా అంతకన్నా ఎక్కువ విద్యార్థులున్నచోట కౌన్సెలర్ ఉండాలని, వేధింపుల గురించి భయపడకుండా చెప్పుకునే ఏర్పాటు ఉండాలని చెప్పాయి. మన రాష్ట్ర ర్యాగింగ్ నిషేధ చట్టం హాస్టళ్లకూ వర్తిస్తుంది. ఫిర్యాదు విని కూడా కదలని సంస్థ అధిపతిని అది 1997 నుంచీ ఆ నేరాన్ని ప్రోత్సహించినవాడిగానే లెక్కగడుతోంది.